పదిహేను కిలోల అబద్ధం

మా పాపకి ఐదు నెలలు నిండాయి. మంచం మీద బోర్లా పడి, తల పైకెత్తి, అమ్మ ఏం రాస్తోందా అన్నట్టు చూస్తోంది. నేను రాయబోతున్నది దాని గురించి కాదు. పోయిన కార్తీకంలో నాకు వచ్చిన జ్వరం గురించి, దానికి ఐదు నెలల ముందు నుంచీ నేను చేసుకుంటూ వచ్చిన ఒక తెలివితక్కువ పని గురించి. చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని కొంత. నాలాంటి ఒళ్ళున్న ఇంకొకామె చదివి జాగ్రత్తపడుతుందని కొంత.

నా పేరు కస్తూరి. మాది నగరి. మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మరమగ్గాల చప్పుడే. మా ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. మామ పోయాక మా అత్త రాజమ్మ, ఒక పనివాడిని పెట్టుకుని వాటిని నడుపుతోంది. మా ఆయన దామోదరం శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతాడు. నేను ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి లెక్కలు చెబుతాను. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నా బరువు పెళ్ళినాటికే ఎనభై దాటింది.

పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు. తిరుపతిలో మేం చూపించుకునే డాక్టరమ్మ, హార్మోన్లు సరిగ్గా లేవు, కొంచెం బరువు తగ్గితే అన్నీ దారికొస్తాయి అంది. తగ్గాను. మళ్ళీ పెరిగాను. మళ్ళీ తగ్గాను. లావుగా ఉన్నవాళ్ళు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారని లోకానికి ఒక నమ్మకం ఉంది. నేను ఆ నమ్మకాన్ని ఏనాడూ వమ్ము చేయలేదు. పెళ్ళిళ్ళలో నన్ను రెండు కుర్చీలు వేసుకోమన్నప్పుడు అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం స్నానాల గదిలో కొళాయి తిప్పి పెట్టుకుని ఏడ్చేదాన్ని.

మూడేళ్ళ కిందట మా అత్త కొండకు మొక్కుకుంది. కోడలికి కడుపు పండితే కోడలి ఎత్తు బెల్లం తులాభారం వేయిస్తానని. ఆ మొక్కు ఆమె మనసులో దాచుకోలేదు. వీధి మొత్తానికి చెప్పింది.

జూన్

నాకు మూడో నెల అని తెలిసిన రోజు ఇంట్లో పండగే. మా ఆయన తరఫు చిన్నాయన చిత్తూరు నుంచి మామిడికాయల బుట్టతో దిగాడు. కాయలు దించీ దించకముందే, రాజమ్మ వదిన మొక్కు తీర్చాలంటే చిత్తూరు మండీలో బెల్లం మిగలదని అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ పూట అన్నం తినలేకపోయాను. వేవిళ్ళనుకున్నారు.

మరుసటి వారం హెల్త్ సెంటర్లో పేరు రాయించుకోవడానికి పోవాలి. అక్కడ బరువు చూసే యంత్రం వరండాలో, అందరూ వరుసలో నిలబడే చోట ఉండేది. మా వీధి ఆశా వర్కర్ మునెమ్మక్క ముల్లు చూసి అంకెను గట్టిగా చెబితే లోపల నర్సమ్మ ఎవరి గర్భిణి పుస్తకంలో వాళ్ళకి రాసిచ్చేది. ప్రతి నెలా నా అంకె వీధంతా వినబోతోంది. మా అత్త పక్కనే ఉండి వినబోతోంది. ఆ అంకెను బట్టే బెల్లం తూగబోతోంది.

ముందురోజు సాయంత్రం మునెమ్మక్క ఇంటికి పోయి బతిమాలాను. ఆమె మొదట ఒప్పుకోలేదు. నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కరిగిపోయింది. పాపం, ఆమెకు నా మీద ప్రేమ. ఎంత తగ్గించమంటావు అని అడిగింది. పదిహేను అన్నాను. లెక్కల టీచర్ని కదా, ఒక పద్ధతి కూడా చెప్పాను. ప్రతి నెలా కచ్చితంగా పదిహేనే తగ్గించాలి, అప్పుడు నెలనెలా పెరిగే లెక్క ఎక్కడా తేడా రాదు, ఎవరికీ అనుమానం రాదు అని. మరుసటి రోజు ముల్లు తొంభై మూడు దగ్గర నిలబడితే మునెమ్మక్క డెబ్బై ఎనిమిది అని పలికింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తిరుపతి డాక్టరమ్మ దగ్గర కూడా ఇదే నడిచింది. అక్కడ రద్దీ ఎక్కువ. ముందు గదిలో అమ్మాయి బరువు చూస్తాను రమ్మంటే, నిన్ననే చూశారు, పుస్తకంలో ఉంది అనేదాన్ని. ఆమె అది చూసి రాసుకునేది.

ప్రతి నెలా ఇంటికి రాగానే మా అత్త పుస్తకం తీసుకుని, ఈ నెల అంకె ఎక్కడ రాసినారు చూపించు అని అడిగేది. చూపించేదాన్ని. ఆ అంకె మీద వేలు పెట్టి కాసేపు చూసి, పుస్తకాన్ని బీరువాలో చీరల కింద దాచేది. బెల్లం లెక్క చూసుకుంటోందని నాకు లోలోపల మండిపోయేది.

పెరటాసి నెల

ఆరో నెల పెరటాసిలో, అంటే సెప్టెంబరు చివర్లో వచ్చింది. మా వైపు పెరటాసి శనివారాలంటే ఇంట్లో ముక్క ఉండదు, ఒంటిపూట భోజనం, నామాలు, కొండకు నడిచిపోయే జనం. నన్ను మాత్రం ఉపవాసం ఉండనివ్వలేదు. ఆ నెలలో తిరుపతి డాక్టరమ్మ చక్కెర పరీక్ష చేయించి, అంచున ఉంది, అన్నం తగ్గించి రోజూ నడవమంది. దాంతోపాటు ఫ్లూ రాకుండా ఒక సూది వేయించుకోమని చీటీ రాసింది. వానలు మొదలైతే జ్వరాలు తిరుగుతాయి, గర్భంతో ఉన్నవాళ్ళకి, అందులోనూ బరువున్నవాళ్ళకి అవి గట్టిగా పడతాయి అని చెప్పింది.

ఆమెకు తెలిసిన బరువు నా అసలు బరువు కంటే పదిహేను కిలోలు తక్కువ. దానికే ఆమె అంత చెప్పింది. నాకు ఆ రోజు అది తట్టలేదు. ఇంటికొచ్చి చీటీ చూపిస్తే, రాని జ్వరానికి సూదేంటికి అంది మా అత్త. మా ఆయన, నీ ఇష్టం అన్నాడు. నేను చీటీ మడిచి పుస్తకం మధ్యలో పెట్టాను. అది అక్కడే ఉండిపోయింది. ఇది చదివేవాళ్ళలో ఎవరి దగ్గరైనా అలాంటి చీటీ మడతపెట్టి ఉంటే, దయచేసి విప్పండి.

కార్తీకం, వాన

తుపాను పట్టింది. నాలుగు రోజులు ఎడతెరిపి లేని ముసురు. కంపెనీ బస్సులో అందరూ దగ్గుతున్నారని మా ఆయన చెబుతూనే ఉన్నాడు. ఒక సాయంత్రం తనే ఒళ్ళు కాలిపోతూ దిగాడు. రెండు రోజులు పడుకుని, మిరియాల రసం తాగి, మూడోరోజుకి లేచి కూర్చున్నాడు. అదే రోజు నాకు మొదలైంది. నాకప్పుడు ఎనిమిదో నెల.

మొదటి రోజు ఒళ్ళునొప్పులు. రెండోరోజు జ్వరం, పొడిదగ్గు. మా ఆయనకి తగ్గిన రసమే నాకూ కాచి పోసింది మా అత్త. మూడోరోజు మంచం మీంచి బాత్రూం దాకా నడిచేసరికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. కూర్చుంటే కొంచెం నయం, పడుకుంటే ఊపిరి అందడం లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు ఆయాసం రావడం మా ఇంట్లో వార్త కాదు. మేడమెట్లు ఎక్కితే ఆయాసం, బట్టలు ఉతికితే ఆయాసం. దానికి తోడు ఎనిమిదో నెల. కాబట్టి నేను రొప్పుతుంటే ఎవరూ తిరిగి చూడలేదు. వాళ్ళను అనను. నేనే నాకు సర్ది చెప్పుకున్నాను, లావు మనిషివి, నిండు కడుపు, ఇంతే ఉంటుందిలే అని. సన్నటి మనిషికి అలా రొప్పు వచ్చి ఉంటే మొదటి రోజే ఆటో పిలిచేవాళ్ళు. ఒళ్ళున్నవాళ్ళ ఆయాసాన్ని జనం ఒంటిలో భాగమనుకుంటారు. మనం కూడా అలాగే అనుకోవడం మొదలుపెడితే ప్రమాదం.

అదీకాక మా ఇంట్లో మగ్గాలు నడుస్తుంటే పక్కమనిషి మాట కూడా అరిస్తే తప్ప వినపడదు. నేను ముందు గదిలో పడుకుని ఉన్నాను. అత్త వెనక షెడ్డులో మగ్గాల దగ్గర ఉంది. మా ఆయన ఆ మూడోరోజే మళ్ళీ డ్యూటీకి పోయాడు. నాలుగోరోజు మధ్యాహ్నం పెద్ద గాలి కొట్టి కరెంటు పోయింది. వీధి మొత్తంలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మా అత్తకు షెడ్డు దాకా నా ఊపిరి వినపడిందట. గురక పెడుతున్నానని మొదట అనుకుందట. వచ్చి చూస్తే నేను కళ్ళు తెరిచే ఉన్నాను, గోడకు ఆనుకుని కూర్చుని, మాట్లాడబోతే రెండు మాటలకి మించి రావడం లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా వానలో పోయి మునెమ్మక్కను పిలుచుకొచ్చింది. అక్క నా వేలికి ఆక్సిజన్ ఎంతుందో చూసే చిన్న క్లిప్పు తగిలించింది. అంకె చూసి ఆమె ఫోన్ తీసింది. ఎంత అని అడిగాను. చెప్పలేదు. నేనే వేలు తిప్పి చూశాను. తొంభై ఒకటి. తొంభై ఐదుకు తగ్గకూడదని తెలియక, నూరుకు దగ్గరగా ఉంది, మంచిదేనని అనుకున్నాను. లెక్కల టీచర్ని.

మునెమ్మక్క ఫోన్ చేస్తే 108 వచ్చింది. మా అత్త బీరువాలోంచి పుస్తకం తీసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు దోపుకుంది. పుత్తూరు దాటి తిరుపతి చేరేదాకా వాన మా వెనకే వచ్చింది. ముఖానికి ఆక్సిజన్ పెట్టాక నాకు కొంచెం తెలివొచ్చింది. అప్పటికి గాని భయం వేయలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని బిడ్డ ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ పోయాను. రేణిగుంట దగ్గర ఒకసారి తన్నింది. ఆ తన్ను తగిలినచోట ఇంకా వేలు పెట్టి చూపించగలను.

తిరుపతిలో తొమ్మిది రోజులు

పెద్దాసుపత్రిలో నన్ను విడిగా ఉన్న ఒక గదిలో పెట్టారు. నాలుగు మంచాలు, అందరం గర్భిణులమే, అందరికీ జ్వరమే. ముక్కులోంచి తీసిన పరీక్షలో ఫ్లూ అని తేలింది. మాత్రలు మొదలుపెట్టారు. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వస్తే బిడ్డ ఊపిరితిత్తులకు బలం ఉండాలని నడుముకు సూది వేశారు. రక్తం గడ్డకట్టకుండా బొడ్డు పక్కన మరో సూది.

పక్క మంచం మీద షమీమ్ అని చిత్తూరు అమ్మాయి, నాకంటే రెండు వారాలు ముందుంది. ఆమె తల్లి నన్ను చూడగానే, ఎడమవైపు తిరిగి పడుకోమ్మా, గాలి బాగా ఆడుతుంది అని, తన కూతురి దుపట్టా మడతపెట్టి నా కడుపు కింద దోపింది. అడగకుండానే చేసింది. ఆ మడత ఎంత సుఖమిచ్చిందో చెప్పలేను. ఇంటికి వచ్చేటప్పుడు ఆ దుపట్టా తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇప్పుడు మా పాప ఉయ్యాలలో పరుస్తున్నాను.

రెండోరోజు ఉదయం ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ రౌండ్లకు వచ్చింది. యాభై దాటి ఉంటాయి, నెమ్మదైన మనిషి. నా పుస్తకం తిరగేసింది. నా వైపు చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది.

"ఎనభై నాలుగు అని రాసి ఉందమ్మా. కరెక్టేనా?"

నాకు మాస్కు ఉంది. నా బదులు మా అత్త చెప్పింది, గర్వంగానే.

"అవును మేడం. నెలనెలా నేనే సూస్తా ఉండాను. ఎనభై నాలుగే."

డాక్టరమ్మ ఇంకా నన్నే చూస్తోంది. విసుగు లేకుండా విడమర్చి చెప్పింది. బొడ్డు పక్కన వేసే ఆ సూదికి కొలత బరువును బట్టే ఉంటుందట. నిన్న పుస్తకంలో అంకె చూసి వేశారట. బరువెక్కువ ఉన్నవాళ్ళు గర్భంతో ఉన్నప్పుడు ఈ వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగితే, కడుపు కింద నుంచి తోస్తుంది, ఒళ్ళు పైనుంచి నొక్కుతుంది, ఊపిరికి చోటుండదు, రక్తం కూడా గడ్డకడుతుంది, అందుకే ఆ సూది తక్కువ కాకూడదు. రేపటికి ఆక్సిజన్ ఇలాగే ఉంటే బిడ్డను బయటికి తీయాల్సి రావచ్చు. అప్పుడిచ్చే మత్తుకు కూడా అసలు బరువే కావాలి.

చెబితే మునెమ్మక్క ఉద్యోగం ఏమవుతుందో. మంచం పక్కన నిలబడ్డ ఈ ముసలామె ముఖం ఎలా చూడాలో. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని అంకెను ఇంతమంది ముందు ఎలా పలకాలో. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని, కడుపులో బిడ్డ ప్రాణం ఒకవైపు, ఈ సిగ్గు ఒకవైపు ఉంటే నేను నిజంగా కొన్ని క్షణాలు ఆలోచించాను. ఆ కొన్ని క్షణాలకే నన్ను నేను ఇంకా క్షమించుకోలేకపోతున్నాను.

మాస్కు కిందికి లాగాను.

"తొంభై తొమ్మిది మేడం. పుస్తకంలో ప్రతి నెలా పదిహేను కలపండి. నేనే తప్పు రాయించినాను. ఆశా అక్క మీద తప్పేం లేదు."

అంతసేపు మాట్లాడేసరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. డాక్టరమ్మ నా మాస్కు తనే పైకి జరిపింది. తిట్టలేదు. జేబులోంచి పెన్ను తీసి, పుస్తకంలో ఆరు నెలల అంకెలు ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన కొత్త అంకె రాసింది. సూది కొలత మార్చమని సిస్టర్‌కి చెప్పింది. పోతూపోతూ, ఇప్పుడు చెప్పినావు కదా, చాలు అని నా భుజం తట్టింది.

మా అత్త మాత్రం ఒక్క మాట అనలేదు.

ఆ రోజంతా అనలేదు. మరుసటి రోజు కూడా అనలేదు. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టేది, ముఖం తుడిచేది, బకెట్ మార్చేది. మూతికి కట్టుకున్న గుడ్డ వల్ల కళ్ళు మాత్రమే కనిపించేవి. ఆ కళ్ళు నా వైపు వచ్చేవి కావు. దేవుడి మొక్కులోనే మోసం చేసినదాన్ని, అందుకే ఇదంతా వచ్చిందని అనుకుంటోందని నేను తీర్మానించుకున్నాను. మా ఆయన బయట వరండాలో కూర్చుని, లోపలికి రానివ్వక, గంటకొకసారి ఫోన్ చేసి ఎంతుంది అని అడిగేవాడు. తొంభై రెండు, తొంభై రెండు, తొంభై ఒకటి. నాకు వేరే పని లేదు. వేలికున్న క్లిప్పు చూసుకుంటూ పడుకోవడం, పొట్టలో తన్నులు లెక్కపెట్టుకోవడం.

బిడ్డను తీసే సంగతి మరుసటి రోజుకు, ఆ మరుసటి రోజుకు వాయిదా వేస్తూ వచ్చారు. గుండె చప్పుడు వినే మిషన్ తెచ్చి పొట్టమీద పెట్టినప్పుడల్లా గదిలో నలుగురం మాటలు ఆపేసేవాళ్ళం. ఎవరి బిడ్డ గుండె అయినా అందరం వినేవాళ్ళం.

మూడోరోజు సాయంత్రం తొంభై మూడు. నాలుగోరోజు ఉదయం తొంభై నాలుగు. డాక్టరమ్మ వచ్చి, బిడ్డను ఉన్నచోటే ఉండనిద్దాం అంది. షమీమ్ వాళ్ళమ్మ అల్లాకు చేతులెత్తి మొక్కింది. నేను ఏడ్చాను, మొదటిసారి దాచుకోకుండా.

ఆ మధ్యాహ్నం మా అత్త స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. కమలాపండు ఒలుస్తూ, పండు వైపే చూస్తూ మాట్లాడింది.

"పాపా, ఒగ మాట అడగతా. నాకు బయపడి ఆ అంకె తగ్గించినావా, నన్ను సూసి సిగ్గుపడినావా?"

"బెల్లం అత్తా," అన్నాను. "తులాభారంలో అందరూ నవ్వుతారని."

ఆమె ఒలవడం ఆపింది.

"నేను నెలనెలా అంకె అడిగింది బెల్లానికి అనుకుంటివా?"

ఆమె చెప్పుకుపోయింది. మా ఆయనకంటే ముందు ఆమెకు ఒక ఆడబిడ్డ పుట్టిందట. ఆ సంగతి ఈ ఆరేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఆమె నలభై కిలోలు కూడా లేదట. కడుపుతో ఉండి కూడా చేమగ్గం గుంటలో కూర్చుని నేసేదట. ఎంత తిన్నా ఒళ్ళు రాలేదట. పుట్టిన బిడ్డ అరచేతిలో పట్టేంత ఉందట, రెండు రోజులే ఉందట.

"నాకు పుస్తకంలో అచ్చరాలు రావు. అంకె ఒగటే తెలస్తాది. అది పెరగతా ఉంటే లోపల బిడ్డ పెరగతా ఉండాదని అనుకుంటి. ఆ అంకె సూసుకునే నాకు నిద్రపట్టేది."

పండు తొన నా చేతిలో పెట్టింది. రెండు దినాలు నువ్వు ఇంట్లోనే ఊపిరాడక కొట్టుకుంటా ఉంటే మగ్గం సప్పుడులో నాకు ఇనపడలేదే అంది. రెండు రోజులుగా ఆమె కళ్ళు నా వైపు రాకపోవడానికి కారణం కోపం కాదని నాకప్పుడు తెలిసింది. నాకే వినపడలేదు అత్తా, నీకెట్లా వినపడతాది అన్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆరేళ్ళలో మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకోవడం అదే మొదలు.

తొమ్మిదోరోజు ఆక్సిజన్ లేకుండా తొంభై ఏడు చూపించాక ఇంటికి పంపించారు.

మొక్కు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. నూరుకు ఒకటి తక్కువ ఏంటికి, నూరే ఇస్తాం అని ఆసుపత్రిలోనే దేవుడికి మాటిచ్చేసింది మా అత్త. పాపకి మూడో నెల రాగానే కొండకు పోయాం. కాన్పయ్యాక తగ్గిన బరువు, రోజూ నడక, అన్నీ కలిసి తూకం తొంభై రెండు దగ్గర నిలిచింది. మిగతా ఎనిమిది కిలోలు పక్కన విడిగా పెట్టించింది. ఎవరైనా నవ్వారేమో తెలియదు. తక్కెడ ఊగుతుంటే గొలుసు గట్టిగా పట్టుకుని కూర్చోవడమే నాకు సరిపోయింది.

మునెమ్మక్క గురించి కూడా చెప్పాలి. నేను ఇంటికి రాగానే వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది, నీ మీద ప్రేమతో నీ ప్రాణం మీదికి తెచ్చినానని. ఆమెకేమీ కాలేదు. తనే నర్సమ్మకు అంతా చెప్పేసి నాలుగు మాటలు పడిందట. ఇప్పుడు బరువు యంత్రం వరండాలో లేదు. లోపలి గదిలో పెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. అంకె బయటికి వినపడదు. ఎవరూ తగ్గించమని అడగడం లేదట.

జనవరి

ఇంటికొచ్చాక నెలన్నర. వారానికోసారి తిరుపతి పోవడం, బీపీ, చక్కెర, స్కాను. నేను పోయిన ప్రతిచోటా చెప్పులు విడిచి యంత్రం ఎక్కాను. మొదటి రెండుసార్లు కళ్ళు మూసుకుని ఎక్కాను. మూడోసారికి అది ఒక యంత్రం, నేను ఒక మనిషిని, అంతే అనిపించింది. మా అత్త సాయంత్రం నేను నడిచే గంటసేపు మగ్గాలు ఆపేసి నా వెంట నడిచేది. పనివాడు గొణిగేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. దారిలో కనిపించినవాళ్ళందరికీ జ్వరం సూది వేయించుకోమని చెప్పేది. ఒకప్పుడు వద్దన్నది తనే అన్న సంగతి ఆమెకు గుర్తుందో లేదో నేను అడగలేదు.

ముప్పై ఎనిమిది వారాలు నిండాక బీపీ పెరగడం మొదలైంది. ఆపరేషన్ చేసేద్దాం అన్నారు. పొద్దున పదింటికి థియేటర్లోకి తీసుకుపోయారు. నడుముకు మత్తిచ్చారు. నాకు నొప్పి తెలియదు గాని మాటలు వినపడుతున్నాయి. మత్తు డాక్టరు నా తల దగ్గర కూర్చుని ఏవేవో కబుర్లు చెబుతున్నాడు. ఊపిరి ఎలా ఉంది, ఊపిరి ఎలా ఉంది అని మధ్యమధ్య అడుగుతున్నాడు. బాగుంది అంటున్నాను. అలా అంటూ ఉండగానే కింద నుంచి ఒక ఏడుపు లేచింది. బలమైన ఏడుపు. ఆడపిల్ల అన్నారు. నాకు చూపించి బుగ్గకు ఆనించి తీసుకుపోయారు.

సిస్టర్ ఒకామె పాపను తువ్వాలులో చుట్టి, బయట కూర్చున్న మావాళ్ళకు చూపించడానికి పోయింది. నేను పైన దీపాలు చూస్తూ పడుకున్నాను. వాళ్ళు ఏమంటారో ఊహించుకుంటున్నాను. ఆడబిడ్డ అన్నందుకు మా అత్త ముఖం ఎలా ఉంటుందో. రెండు రోజులే బతికిన ఆ పాప గుర్తొస్తుందేమో. ముందుగా బరువెంతో అడుగుతుంది, అది మాత్రం ఖాయం అనుకున్నాను.

సిస్టర్ తిరిగొచ్చింది. మాస్కు వెనక నవ్వుతోందని కళ్ళు చూస్తే తెలిసింది.

"మీ అత్తగారు భలే మనిషమ్మా. ఆడబిడ్డ, రెండు కిలోల ఎనిమిది వందలు అని చెబితే బిడ్డ వైపు చూడనే లేదు. మా కోడలు ఊపిరి బాగా తీసుకుంటా ఉండాదా అని అడుగుతా ఉన్నారు."

తల ఆమె వైపు తిప్పాను.

"తీసుకుంటా ఉండానని చెప్పండి సిస్టర్," అన్నాను. "బిడ్డను చూసుకోమని చెప్పండి."